హాస్టల్ బడి మాస్టారు ఎర్నెస్ట్ ఈజింగ్

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మనవాళ్లకు స్టాటిస్టికల్ మెకానిక్స్ పేపర్లో ఐసింగ్ మోడల్ తప్పకుండా ఎదురవుతుంది. జర్మన్లు ఆ పేరును ఈజింగ్ అని పలుకుతారు. మేమూ దాన్ని పరీక్ష ప్రశ్నగానే నేర్చుకున్నాం. ఆ పేరుగల మనిషి ఎవరో మా పాఠ్యపుస్తకంలో ఒక్క ముక్క లేదు. వెతికి చదివాక, ఇది హాస్టల్ మిత్రులకు చెప్పాల్సిన జీవితం అనిపించింది.

ఎర్నెస్ట్ ఈజింగ్ 1900 మే 10న జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయన గురువు విల్హెల్మ్ లెంజ్. ఇనుములోని ప్రతి అణువునూ పైకో కిందికో మాత్రమే చూసే చిన్న అయస్కాంతం అనుకుందాం, అది పక్కవాటిని మాత్రమే తనవైపు లాగుతుంది అనుకుందాం, అప్పుడు ముక్క మొత్తం అయస్కాంతం అవుతుందా? 1920లో లెంజ్ ఆలోచించిన ఈ సమస్యను శిష్యుడికి అప్పగించారు. అణువులన్నీ ఒకే వరుసలో ఉంటే ఏమవుతుందో ఈజింగ్ లెక్క కట్టారు.

మన మెస్సులో భోజనాల బంతిని ఊహించుకోండి. పక్కవాడు ఎటు చూస్తే అటే చూడాలన్నది నియమం. మధ్యలో ఒక్కడు వెనక్కి తిరిగితే వాడి తర్వాత కూర్చున్న వాళ్లంతా వాడిని చూసి వెనక్కే తిరుగుతారు. సగం బంతి తిరిగిపోయినా తేడా వచ్చింది ఇద్దరి మధ్యే! అంత చవకగా చీలిపోయే వరుసను ఏ కాస్త వేడైనా చెదరగొడుతుంది. అందుకే వరుస అయస్కాంతం కాలేదని ఆయన తేల్చారు. 1924లో డాక్టరేట్ సిద్ధాంతం, 1925లో వ్యాసం వచ్చాయి. మూడు దిశల్లో పేర్చినా ఇంతేనని ఆయన ఊహించారు గానీ, ఆ ఊహ తప్పింది. సమతలంలో ఒక గుంపు తిరగాలంటే దాని సరిహద్దు పొడవునా తేడా భరించాలి. అక్కడ అయస్కాంతత్వం నిలుస్తుందని 1936లో పయర్ల్స్ చూపించారు, 1944లో ఆన్‌సాగర్ పూర్తిగా సాధించారు.

ఇవేవీ ఈజింగ్‌కు తెలియవు. ఆయన అప్పటికే పరిశోధన వదిలేశారు. బెర్లిన్‌లో ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో కొన్నాళ్లు చేసి, అది నచ్చక బడిపంతులు అయ్యారు. 1930లో యొహానా ఎమర్‌ను వివాహమాడారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం యూదులను సర్కారు కొలువుల నుంచి తొలగించినప్పుడు ఆయన ఉద్యోగమూ పోయింది.

1934లో పోట్స్‌డామ్ దగ్గరి కాపుట్ గ్రామంలో యూదు పిల్లల హాస్టల్ బడిలో చేరారు. గెర్ట్రూడ్ ఫయర్టాగ్ అనే మహిళ 1931లో స్థాపించిన బడి అది. ఊళ్లోని బడుల్లో అవమానాలు పడలేక వచ్చిన పిల్లలకు అదే ఇల్లు. పక్కనే ఐన్‌స్టీన్ వేసవి ఇల్లు ఉండేది. ఆయన దేశం విడిచాక అందులోనూ తరగతులు నడిపారు. 1937లో ఈజింగ్ ఆ బడికి ప్రధానోపాధ్యాయులయ్యారు. 1938 నవంబరు 10న ఒక గుంపు హాస్టల్ మీద పడి ధ్వంసం చేసింది. ఆ గుంపులో స్థానిక బడిపిల్లలూ ఉన్నారు. ఈ మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. ఫయర్టాగ్‌ను 1943లో ఆష్విట్జ్‌కు తరలించారు. ఆమె తిరిగి రాలేదు.

ఈజింగ్ దంపతులు 1939లో లక్సెంబర్గ్ చేరి అమెరికా వీసా కోసం ఎదురుచూశారు. 1940 మే 10న, సరిగ్గా ఆయన నలభయ్యో పుట్టినరోజున, జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చింది. భార్య యూదు కాకపోవడం వల్ల ప్రాణం దక్కింది. సైన్యం కోసం రైలు పట్టాలు ఊడదీసే వెట్టిపని మాత్రం తప్పలేదు. 1947లో సరుకు ఓడలో అమెరికా వెళ్లారు. మరుసటి ఏడాది పియోరియా పట్టణంలోని బ్రాడ్లీ విశ్వవిద్యాలయంలో చేరారు. తన పేరు శాస్త్ర ప్రపంచమంతా పాకిందని 1949లో గాని ఆయనకు తెలియలేదు.

ఆ తర్వాతా ఆ లెక్క ఆగలేదు. 1950లో వానియర్ నియమాన్ని తలకిందులు చేసి, పక్కవాడికి ఎదురుగానే చూడాలని, అణువులను త్రిభుజాలుగా పేర్చారు. ఇద్దరు ఎదురెదురైతే మూడోవాడు ఎటు చూసినా ఒకరితో గొడవే. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు. పరమశూన్య ఉష్ణోగ్రతలోనూ అది ఒక్క అమరికకు కుదురుకోదు. 1969లో మన దేశస్థులు మజుందార్, ఘోష్ క్వాంటమ్ స్పిన్‌ల వరుసను పట్టుకున్నారు. పక్కవాడితోపాటు ఆ అవతలివాడితోనూ సగం బలంతో పేచీ ఉంటే, వరుస జంటలు జంటలుగా విడిపోయి ఏ జంటకాజంట తన అయస్కాంతత్వాన్ని రద్దు చేసుకుంటుందని నిరూపించారు. 2010లో కోబాల్ట్ నయోబేట్ స్ఫటికంలో నిజంగానే ఈజింగ్ వరుసలను అతిశీతలంలో పరీక్షించారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఇక పీహెచ్‌డీయా, బీఈడీ చేసి పంతులు ఉద్యోగమా అన్న మాట ఇంట్లో రోజూ నడుస్తోంది. నాన్నకు ఈజింగ్ కథ చెబితే, పేరొచ్చాక అయినా ఆయన పెద్ద ల్యాబుకు వెళ్లాడా అని అడిగారు. వెళ్లలేదు. 1976లో విరమించేదాకా బ్రాడ్లీలోనే ఫిజిక్స్ పాఠాలు చెప్పారు. 98వ పుట్టినరోజు గడిచిన మర్నాడు, 1998 మే 11న, పియోరియాలోని తన ఇంట్లోనే కన్నుమూశారు.