శబ్దశిల్పి జాక్ ఫోలీ

తెరపై కథానాయకుడు మెట్లు దిగుతున్నప్పుడు మనకు వినిపించే అడుగుల సవ్వడి చాలా సందర్భాలలో అతనిది కాదు. చిత్రీకరణ ముగిసిన పిదప, ఆ దృశ్యాన్ని చూస్తూ వేరొక కళాకారుడు సృష్టించిన సవ్వడి అది. ఈ కళకు మార్గదర్శి జాక్ ఫోలీ.

జాక్ డొనోవన్ ఫోలీ 1891 ఏప్రిల్ 12న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించాడు. కాలిఫోర్నియా రాష్ట్రానికి తరలివెళ్ళి, బిషప్ అనే చిన్న పట్టణంలో కొంతకాలం నివసించాడు. అనంతరం యూనివర్సల్ స్టూడియోలో చేరి, మూకీ చిత్రాల నిర్మాణంలో అనుభవం గడించాడు.

1927లో వార్నర్ బ్రదర్స్ సంస్థ ‘ది జాజ్ సింగర్’ చిత్రాన్ని విడుదల చేయడంతో ప్రేక్షకులు మాటల చిత్రాల వైపు మొగ్గారు. యూనివర్సల్ సంస్థ మూకీగా రూపొందించిన ‘షో బోట్’ చిత్రానికి శబ్దాన్ని జోడించక తప్పలేదు. వాద్యబృందం సంగీతం వినిపిస్తుండగా, ఫోలీ తన సహచరులతో కలిసి తెరను చూస్తూ చప్పట్లను, నవ్వులను, జనసమూహపు కోలాహలాన్ని అప్పటికప్పుడు పలికించాడు. ఆ చిత్రం 1929లో విడుదలైంది.

సంభాషణల కోసం అమర్చిన మైక్రోఫోనుకు అడుగుల చప్పుడు, వస్త్రాల గరగర స్పష్టంగా అందవు. ఈ లోటును పూరించడానికి ఫోలీ తానే నటుడయ్యాడు. రాక్ హడ్సన్‌ది దృఢమైన నడక అనీ, టోనీ కర్టిస్‌ది చురుకైన నడక అనీ గుర్తించి, వారి లయను తన పాదాలలోనికి తెచ్చుకొనేవాడు. చేతికర్ర సాయంతో తానొక్కడే పలువురి నడకను ధ్వనింపజేసేవాడు.

1960లో విడుదలైన ‘స్పార్టకస్’ చిత్రంలో రోమన్ సైనికుల కవచాల శబ్దం సరిగా నమోదు కాలేదట. ఆ దృశ్యాలను తిరిగి చిత్రీకరించాలని తలపోస్తుండగా, ఫోలీ ఒక తాళపుచెవుల గుత్తిని మైక్రోఫోను ముందు ఆడించి, ఆ శ్రమను, వ్యయాన్ని తప్పించాడని చిత్రరంగంలో చెప్పుకొంటారు.

ఇంతటి సేవ చేసినా శబ్దసృష్టికర్తగా ఆయన పేరు తెరపై పడలేదు. 1967లో ఆయన కన్నుమూశాడు. అయితే ఆ కళకే ఆయన పేరు స్థిరపడింది. ఆ పని చేసేవారిని నేడు ప్రపంచమంతటా ఫోలీ కళాకారులని పిలుస్తున్నారు. పరభాషా చిత్రాన్ని తెలుగులోనికి డబ్బింగ్ చేసినప్పుడు, మూలంలోని సంభాషణలతోపాటు వాటితో కలిసి నమోదైన సహజశబ్దాలు కూడ తొలగిపోతాయి. ఆ వెలితిని నింపి దృశ్యానికి ప్రాణం పోసేది ఈ కళయే. పేరును ఆశించక పనిలో లీనమైనవానికి, ఆ పనియే పేరును నిలిపింది.