అట్ట గిటారు చేసిన వడ్రంగి

ఉప్పల్ నుంచి నాచారం దాకా తిరిగి చివరికి రెండు గిటార్లు పక్కపక్కన పెట్టి చూశాను. మెరుపులో మొదటిదే మిన్న. కానీ దాని పై పలక ప్లైవుడ్. రెండోదానిది అసలైన స్ప్రూస్ చెక్క, ధర రెట్టింపు. ఎందుకింత తేడా? జవాబు నాకు ఆంటోనియో డి టోర్రెస్ జీవితంలో దొరికింది.

ఆయన 1817లో స్పెయిన్‌లోని అల్మెరియా దగ్గర పుట్టాడు. వడ్రంగం నేర్చి, సెవిల్ నగరం చేరి గిటార్లు చేశాడు. పై పలకను పలచన చేసి, దాని అడుగున సన్నని బద్దలను విసనకర్రలా పరిచాడు. 1858లో అక్కడి ప్రదర్శనలో పతకం వచ్చింది. 1862లో ఓ వింత చేశాడు: వెనకా పక్కలా అట్ట, పైన మాత్రం మేలైన చెక్క! నాదానికి ప్రాణం పై పలకేనని చూపడానికే ఆ పని.

అయినా కళ కూడు పెట్టలేదు. 1870 ప్రాంతంలో అల్మెరియాకి తిరిగొచ్చి పింగాణీ సామాన్ల కొట్టు పెట్టాడు. కొన్నేళ్లకి మళ్లీ ఉలి పట్టాడు. 1892లో కన్నుమూశాడు. విద్వాంసుడు టారెగా వాయించింది ఆయన గిటారే. ఇవాళ అవి లక్షలు పలుకుతాయి, చేసిన చేతులకి దక్కిందేమీ లేదు.

మిత్రులారా, నేను రెండోదే కొన్నాను. ఆ నెల మెస్సు బిల్లు బాకీ పడ్డాను గానీ, విచారం లేదు.