చదరంగంలో నిలిచిన పేరు – జనాబ్ గులాం ఖాసిం

చదరంగపు పుస్తకాలలో గులాం ఖాసిం గాంబిట్ అని ఒక ఆట ఉంది. ఆ పేరు గల మహాశయుడు మద్రాసు వాసి. ఆయనను గూర్చి మన సొసైటీ కుటుంబాలకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ఆయన కాలంలో మద్రాసు కుంఫిణీ వారి పాలనలో ఉండేది. మన మైదుకూరు ప్రాంతం కూడా 1800లో నిజాం వదులుకున్నప్పటి నుండి మద్రాసు కిందికే వచ్చింది. 1828లో మద్రాసుకు, హైదరాబాదుకు చదరంగం పోటీ మొదలైంది. ఎదురెదురుగా కూర్చుని కాదు, ఉత్తరాల మీద! రైలు లేదు, తంతి లేదు. ఒక ఎత్తు వ్రాసి పంపడం, జవాబు వచ్చేదాకా కాచుకోవడం. మద్రాసు ఆటను నడిపించే ముఖ్యభారం గులాం ఖాసిం గారిదే. 1829కి ముగిసిన ఆ రెండు ఆటలూ మద్రాసే గెలిచింది.

గాంబిట్ అంటే ఆట మొదట్లోనే ఎర వేయడం. మన పాత ఆటలో బంటు సాధారణంగా ఒక్క గడే నడిచేది. ఇంగ్లీషు వారి ఆటలో మొదటిసారి రెండు గళ్ళు పోవచ్చు. అందుకే పోరు త్వరగా ముదురుతుంది. రాజు గాంబిట్‌లో మనం ఒక బంటును ఎర వేస్తాము. ఎదుటివాడు దాన్ని తిని, తన బంట్లతో మన గుర్రాన్ని తరుముతాడు. మామూలుగా అయితే గుర్రాన్ని తప్పిస్తాము. ముజియో పద్ధతిలో గుర్రాన్ని వదలి, రాజును కోటలో పెడతారు. గులాం ఖాసిం పద్ధతిలో అదీ చేయకుండా మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు తోస్తారు. గుర్రం పోతే పోయె, మన బలగానికి దారులు తెరుచుకుంటాయి. దాడి పారితే గెలుపు, పారకపోతే పోయిన గుర్రం తిరిగి రాదు.

ఇది ఊరకే దుడుకుతనం కాదు. ఎత్తు వెంబడి ఎత్తు లెక్క కట్టాలి. ఆ లెక్కను ఆయన కాగితం మీద పెట్టినారు. ముజియో గాంబిట్ వివరాలు, ఆ రెండు ఆటలు కలిపి, మద్రాసు సివిల్ సర్వీసులోని జేమ్స్ కాక్రేన్ గారితో కూడి వ్రాసిన పుస్తకం 1829లో మద్రాసులోనే అచ్చయింది. 1844లో గులాం ఖాసిం గారు ఇంతెకాల్ అయినారు. ఆట మాత్రం ఆయన పేరుతోనే నిలిచింది.

ఎందరో ఉస్తాదులు ఆడినారు, గెలిచినారు. వారి విద్య వారితోనే పోయింది. మన ఇండ్లలోనూ హకీము తెలిసిన పెద్దలు, మంచి చేతిపని గల పెద్దలు ఉన్నారు కదా! వారు ఉండగానే పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. చెప్పింది వ్రాయించండి. ఉర్దూలో అయినా సరే, తెలుగులో అయినా సరే.