ఇసుక మీద నిలబెట్టిన కాటన్ దొర

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసిమ్మని మన సంఘం పెద్దలు అడిగారు. నేను రచయితను కాను. నదుల దాపున కట్టే భవనాలకు సెల్లారు గొయ్యి తీసేటప్పుడు పక్క మట్టి కూలకుండా పెట్టే తాత్కాలిక ఆధారాలు డిజైన్ చేయడం నా వృత్తి. అందుకే సర్ ఆర్థర్ కాటన్‌ను ఎంచుకున్నాను. ఆయన విగ్రహం చూడనివారు మనలో ఉండరు. నది అడుగున ఆయనకు ఎదురైన చిక్కు గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

1803లో ఇంగ్లండులో పుట్టిన కాటన్ అడిస్కాంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1821లో మద్రాసు వచ్చారు. తంజావూరు సీమలో పనిచేస్తూ చోళుల నాటి కల్లణను గమనించడం ఆయన జీవితానికి మలుపు. కింద గట్టి నేల అందదు. వదులు ఇసుక మీదే బండలు పరిచి, అవి కుంగినకొద్దీ మళ్లీ వేసి నిలబెట్టారు. ఆ కిటుకు ఈ దేశపు పాత పనివారి దగ్గర నేర్చిందేనని ఆయన దాచకుండా చెప్పుకున్నారు. నాకు ఆయనలో బాగా నచ్చే గుణం ఇదే.

1832-33 నాటి నందన కరువు తరువాత గోదావరి సీమ చితికిపోయింది. ఆనకట్ట కావాలని 1844లో ఆయన నివేదిక పంపారు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది.

గోదావరి ఇసుకలో గొయ్యి తీయడం ఎలాంటిదో తోటి ఇంజనీర్లకు తెలుసు. మిగిలినవారికి చెబుతాను. బయట నీటిమట్టం ఎత్తుగా, గొయ్యి లోపల లోతుగా ఉంటే నీరు పక్కల నుంచే కాదు, అడుగు నుంచి కూడా తోసుకొస్తుంది. దానితో ఇసుకా పొంగుతుంది. అప్పుడు పక్క గోడ ఎంత గట్టిదైనా దాని పాదం కింద పట్టు ఉండదు. గోతిలో ఉన్న కూలీలకు పైకెక్కే వ్యవధి కూడా దొరకకపోవచ్చు. ఇప్పుడు మేం ఉక్కు షీట్ పైల్స్ లోతుగా దించుతాం, అడ్డంగా దూలాలు బిగిస్తాం, బోర్లు వేసి రాత్రింబవళ్లు నీరు తోడతాం. కాటన్ దగ్గర ఇవేవీ లేవు.

ఆయన దగ్గర ఉన్నది మన నూతులు దించే పనివారి విద్య. ఇసుక మీద గుండ్రంగా కట్టుబడి లేపి, లోపలి ఇసుక తోడుతూ పోతే ఆ ఒర తన బరువుకే దిగుతుంది. దిగేటప్పుడు ఆ గోడే మట్టిని ఆపుతుంది, దిగాక అదే పునాది అవుతుంది. విడిగా ఆధారం పెట్టి తీయవలసిన పనే లేదు. ఇంత పొదుపైన డిజైను నేను ఒక్కటీ చేయలేదు! అలా దించిన నూతుల మీద గోడ లేపి, దిగువన వెడల్పుగా బండరాళ్లు పరిచారు. నీరు కింద నుంచి దారి చేసుకున్నా ఇసుకను ఈడ్చుకుపోకుండా ఆ వెడల్పు కాస్తుంది.

వరద వస్తే చేసిందంతా పోతుంది కనుక ఎండాకాలమే గడువు. లంకలు నదిని నాలుగు పాయలుగా చీల్చడం కలిసొచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం ముక్కలు కలిపి కట్టడం రెండు మైళ్లకు పైనే. కొండ రాయిని పట్టాల మీద చేరవేశారు. వీణెం వీరన్న గారు కూలీలను కూడగట్టి పని నడిపించారు. మధ్యలో కాటన్ ఆరోగ్యం చెడి సెలవు మీద వెళితే కెప్టెన్ ఓర్ కొనసాగించారు. 1852కు ఆనకట్ట పూర్తయింది. ఆ ఓరే తరువాత బెజవాడలో కృష్ణ ఆనకట్ట కట్టారు. రెండు నదుల కాలువలూ మన పెదపాడు పక్కనే, ఏలూరులో కలుస్తాయి.

పదవీ విరమణ తరువాత కూడా ఆయన రైళ్ల కంటే కాలువలే ముందని వాదించి చాలామందికి కంటగింపయ్యారు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. చివరి రోజులు డార్కింగ్‌లో గడిపారు. అక్కడ తోటలో మట్టిని బాగా లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశారట. లోతుగా తవ్వకుండా గోదావరిని కట్టిన మనిషి! 1899 జూలైలో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.