పల్లెబడుల దాత జూలియస్ రోజెన్‌వాల్డు

దానకథలు మనకు క్రొత్తవి కావు. బలి మూడడుగుల నేల నిచ్చి పాతాళమునకు దిగెను. శిబి తన తొడకండను కోసి త్రాసులో పెట్టెను. కర్ణుడు కవచకుండలముల నొలిచి యిచ్చెను. ఈ కథలన్నిటను దాత యొక్కడే యిచ్చును; అర్థి పుచ్చుకొని పోవును. తానిచ్చుచు, పుచ్చుకొనువానిచేత గూడ ఇప్పించిన దాత పురాణములలో నాకు కనబడలేదు. అట్టివాడొకడు అమెరికాలో నుండెను. రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని మన గ్రంథాలయ కార్యదర్శిగారు కోరగా, లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఆయన చరిత్రయే మొదట స్ఫురించినది.

జూలియస్ రోజెన్‌వాల్డు 1862వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన ఇల్లినాయిస్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డున జన్మించెను. అబ్రహాము లింకను అధ్యక్షుడగుటకు పూర్వము కాపురమున్న ఊరదియే. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చిన యూదులు. తండ్రికి బట్టల వర్తకము. జూలియస్ ఉన్నత పాఠశాల చదువు ముగింపకయే న్యూయార్కులోని మేనమామల చెంతకు పోయి అదే వర్తకమును నేర్చెను. పిమ్మట చికాగో చేరి, 1895లో బావమరిదితో గలిసి సియర్సు రోబక్కు కంపెనీలో వాటా కొనెను. ఆ కంపెనీ వ్యాపారము చిత్రమైనది. దూరపు పల్లెలోని రైతు దుకాణమునకు పోనక్కరలేదు. ధరలతో అచ్చువేసిన లావుపాటి పుస్తకమును చూచి ఉత్తరము వ్రాసినచో, గడియారమైనను నాగలియైనను ఇంటికి వచ్చును. 1908లో రోజెన్‌వాల్డు దానికి అధ్యక్షుడై కోటికి పడగలెత్తెను. ఇంతవరకు ఆయన కథ ఒక వర్తకుని కథయే.

1910లో ఆయన బుకర్ వాషింగ్టను స్వీయచరిత్రమును చదివెను. వాషింగ్టను బానిసగా పుట్టి, అలబామాలోని టస్కీగీయందు నల్లజాతివారికై గొప్ప విద్యాలయమును నెలకొల్పిన మహనీయుడు. మరుసటి యేట వారిరువురును చికాగోలో కలిసికొనిరి. 1912లో రోజెన్‌వాల్డు టస్కీగీ ధర్మకర్తలలో నొకడయ్యెను. ఒక పుస్తకము ఒక ధనికుని యింట చేరి ఎంత పని చేసెనో గ్రంథాలయ సభ్యులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

దక్షిణ రాష్ట్రములలో బానిసత్వము 1865లో తొలగినను బడి మాత్రము రాలేదు. పన్నులు అందరివద్దను వసూలగుచుండెను. పంపకములో తెల్లవారి బడులకు పెద్దవాటా, నల్లవారి బడులకు మిగిలిన రాలుగింజలు. పల్లెలలో నల్లవారి పిల్లలు ప్రార్థనమందిరములందును, శిథిలమైన కొట్టములందును, ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే చదువుకొనుచుండిరి.

1912లో తన యేబదియవ జన్మదినమున రోజెన్‌వాల్డు ఏడు లక్షల డాలర్లకు కొంచెము తక్కువగా ధర్మకార్యములకు పంచిపెట్టెను. అందులో 25,000 డాలర్లు టస్కీగీ మార్గమున నడచు విద్యాసంస్థల కొరకు వాషింగ్టనుకు ముట్టినవి. ఖర్చుపోగా మిగిలిన కొద్దిసొమ్ముతో ఆరు పల్లెలలో చిన్నబడులు కట్టింపవచ్చునా అని వాషింగ్టను అడిగెను. దాత సమ్మతించెను.

మొదటి బడి లోచపోకా అను పల్లెలో 1913లో పూర్తియయ్యెను. దాని పద్దును చూడుడు: రోజెన్‌వాల్డు సొమ్ము 300 డాలర్లు, నల్లవారు కొనియిచ్చిన స్థలము 150, వారు చేసిన శ్రమకు కట్టిన విలువ 132 డాలర్ల 50 సెంట్లు, ఇరుగుపొరుగు తెల్లవారి చందా 360. మొత్తము 942 డాలర్ల 50 సెంట్లు. కూలిని గూడ జమలో చూపిన ఈ పద్దు నాకెంతో నచ్చినది. మన యూళ్లలో గుడికైనను చెరువుకైనను మట్టి మోసినవాని పేరు ఏ జాబితాలోను ఎక్కదు.

వాషింగ్టను 1915లో గతించెను. 1917లో రోజెన్‌వాల్డు తన పేర నొక నిధిని స్థాపించెను. నియమములు కఠినమైనవి. ఊరివారు తమ వంతు రొక్కముగానో, కలపగానో, శ్రమగానో సమకూర్చవలెను. స్థలమును భవనమును ప్రభుత్వ విద్యాశాఖకు వ్రాసియియ్యవలెను. విద్యాశాఖ దానిని ప్రభుత్వపు బడిగా నడుపవలెను. భవనపు నమూనాలు మొదట టస్కీగీలోని నల్లజాతి శిల్పి రాబర్టు టేలరు మొదలగువారు గీచిరి. విద్యుద్దీపములు లేని పల్లెలగుటచే కిటికీలు బారులుగా పెట్టి, వెలుతురు పిల్లల యెడమభుజము మీదుగా పలకపై పడునట్లు ఏర్పాటు చేసిరి.

ఇక చందాల వసూలు. సొంత నేలలేని కౌలుదార్లు వారు. కొన్ని చోట్ల ఒక మడి ప్రత్తిని బడికని విడిచి, అందరు గలిసి సేద్యము చేసి, పంటనమ్మి సొమ్ము జమకట్టిరి. ఆడువారు భోజనపు పెట్టెలు కట్టి వేలమునకు పెట్టిరి. పిల్లలు సెంట్లు కూడబెట్టిరి. అలబామాలోని ఒక సభలో, బానిసత్వమును కన్నులార చూచిన ముదుసలి యొకడు జిడ్డుపట్టిన పాతసంచిని తీసి, జీవితమంతయు దాచుకొన్న 38 డాలర్లను బల్లమీద కుమ్మరించెను. సేతువు కట్టునాటి ఉడుత కథ మనకు తెలియును. అయితే ఉడుతకు కావలసినది ఇసుక మాత్రమే, ఈ తాత తన ముదిమికి దాచిన కూటినే తెచ్చియిచ్చెను.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ నల్లవారు పన్ను చెల్లించియే యుండిరి. చెల్లించిన పన్ను ఇతరుల బడులకు పోగా, తమ బిడ్డల బడికై రెండవసారి చెల్లించిరి. ఇది ధర్మమా? కాదు. రోజెన్‌వాల్డు ఆ వేర్పాటు చట్టములతో పోరాడలేదు. వాని లోపలనే పని చేసెను. ఇది ఆయనయందలి కొరతయే యని నా యభిప్రాయము. అయినను, ఆయన సొమ్మును చూపి ఖజానాల తలుపు తెరిపించిన విధము మెచ్చదగినది.

1932 నాటికి తేలిన లెక్క యిది. పదునైదు రాష్ట్రములలో 4,977 బడులు, 217 ఉపాధ్యాయ గృహములు, 163 పనిశాలలు. మొత్తము వ్యయము 2,84,08,520 డాలర్లు. అందులో ప్రభుత్వ ధనము 1,81,05,805. తెల్లవారి చందాలు 12,11,975. రోజెన్‌వాల్డు నిధి 43,64,869. నల్లవారి చందాలు 47,25,871. ఈ యంకెలను నేను రెండుమార్లు కూడి చూచితిని, సరిపోయినవి. కడపటి రెండు పద్దులను మరల చదువుడు. కోటీశ్వరుని కంటె కౌలుదార్లు ఎక్కువ యిచ్చిరి. బడులకు మాత్రము ఆయన పేరే నిలిచినది.

శాశ్వతనిధులు ఆయనకు గిట్టవు. ఏ తరము ధనము ఆ తరము అవసరములకే వెచ్చింపవలెనని ఆయన మతము. తాను పోయిన యిరువదియైదేండ్లలో మూలధనముతో సహా ఖర్చు చేసి నిధిని మూసివేయవలెనని 1928లో నిర్దేశించెను. 1932 జనవరి 6వ తేదీన ఆయన మరణించెను. బడుల నిర్మాణపు పద్దు ఆ యేడే ముగిసెను. గడువుకు చాల ముందుగనే, 1948లో, నిధియు మూతపడెను.

1954లో జాతులవారీ బడులు రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అటుపిమ్మట క్రమముగా ఈ బడులు ఖాళీపడినవి. కొన్ని కూలినవి, కొన్ని గడ్డివాములకు నెలవైనవి. 2002లో అచ్చటి జాతీయ పరిరక్షణ సంస్థ వీనిని అంతరించు స్థితిలో నున్న కట్టడముల పట్టికలో చేర్చినది. అప్పటినుండి ఆ బడులలో చదివి వృద్ధులైనవారు అనేకచోట్ల మరల చందాలు వేసికొని, కప్పులు నేయించి, కిటికీలు బిగించి, తమ బడులను నిలుపుకొనుచున్నారు.