నవాబుగారి సోదరులు

మహానంది క్షేత్రముగల నంద్యాల సీమ 1839వ సంవత్సరమువరకు కందనూలు నవాబుల యేలుబడిలో నుండెను. ఆ యేట కుంఫిణీవారు నవాబు గులాం రసూల్ ఖానుపై కుట్రనేరము మోపి, రాజ్యమును గైకొని, ఆయనను తిరుచినాపల్లికి బంపిరి. ఈ కథ మన సీమవారి కెల్ల దెలిసినదే. కాని కుంఫిణీవా రీ విద్యను అంతకు ముప్పదియెనిమి దేండ్లకు పూర్వమే ఆర్కాటు నవాబుల యింట ప్రయోగించి చూచియుండిరి. అప్పుడు బలియైనవాడు వారికి బరాయివాడు కాడు. వారి ఫ్రీమేసన్ సంఘమున జేరిన సోదరుడు.

ఆతడు ఉమ్దతుల్ ఉమరా. కర్ణాటక నవాబు మహమ్మదాలీ వాలాజాకు జ్యేష్ఠపుత్రుడు, 1748లో జన్మించెను. తండ్రి ఆంగ్లేయుల బలముచేత గద్దె నెక్కి, ఆ బలమునకు వెల చెల్లింపలేక వారి యప్పులలో మునిగినవాడు. నెల్లూరు, ఒంగోలు మున్నగు తెలుగు సీమల రైతులు చెల్లించిన శిస్తు ఆ వడ్డీల క్రిందనే కరగిపోవుచుండెను.

తాపీపనివారి శ్రేణుల యాచారములనుండి వెలసిన ఫ్రీమేసన్ సంఘమునకు లండనులో 1717లో మహాసభ యేర్పడెను. మూలమట్టమును, వృత్తలేఖినియు వారి చిహ్నములు. దైవమును నమ్మి, ప్రమాణము చేసి చేరినవా రెల్లరును సోదరులని వారి సిద్ధాంతము. ఉమ్దతుల్ ఉమరా 1775 ప్రాంతమున తిరుచినాపల్లిలోని లాడ్జిలో దీక్ష గొనెను. ఈ సంఘమున జేరిన భారతీయులలో ఆతడే మొదటివాడని చెప్పుదురు. లండను మహాసభవారు సంతసించి, అలంకృతమైన దీక్షావస్త్రమును, సొంపుగా గట్టించిన నియమగ్రంథమును బంపగా, కలకత్తా ప్రభుత్వపు అడ్వొకేటు జనరలు సర్ జాన్ డే వాని నందజేసెను. యువరాజు పారసీభాషలో కృతజ్ఞతాలేఖ వ్రాసెను. ఆ లేఖ లండను సభలో మన్ననతో జదువబడెను.

1795లో తండ్రి మరణింపగా ఆతడు నవాబయ్యెను. అప్పులకు పూచీగా నున్న సీమలను తమ కప్పగింపుమని చెన్నపట్టణపు గవర్నరు హోబర్టు ఎంత యొత్తిడి చేసినను లొంగలేదు. 1799లో శ్రీరంగపట్టణము కూలిన పిమ్మట టిప్పూసుల్తాను దఫ్తరములో నవాబుల యుత్తరములు దొరకినవి. వానిలో మర్యాదవాక్యములకు మించిన ద్రోహ మున్నదని గవర్నరు జనరలు వెలస్లీ నిశ్చయించెను. ఆ సాక్ష్యము చాలదని, పిమ్మట కుంఫిణీ కొలువులో జేరిన చరిత్రకారుడు జేమ్స్ మిల్లే తేల్చెను.

1801 జూలైలో నవాబు మరణశయ్యపై నుండగనే కుంఫిణీ సేన చేపాకు నగరును చుట్టుకొనెను. 15వ తేదీన ఆతడు కన్నుమూసెను. కుమారుడు అలీ హుసేను రాజ్యమును వదలుకొనుట కొప్పుకొనలేదు. అంతట కుంఫిణీవారు నవాబు తమ్ముని కుమారుడైన అజీముద్దౌలాను గద్దె నెక్కించి, జూలై 31న సంధి వ్రాయించుకొనిరి. రాజ్యమంతయు వారిది, నికరాదాయములో నైదవవంతు ఆతనికి భరణము. నెల్లూరు, ఒంగోలు సీమలు నాడే చేతులు మారినవి. అలీ హుసేను మఱుచటి యేడే మరణించెను.

ఇందొక విశేషము గలదు. ఈ కార్యమును నడిపించిన వెలస్లీ సామాన్యుడగు మేసను గాడు. 1782లో ఐర్లండు మేసనుల మహాసభ కధ్యక్షుడు. ప్రమాణము చేసిన సోదరుని వంశము చేతినుండి రాజ్యమును లాగుకొన్నవాడును అట్టి ప్రమాణమునే చేసినవాడు!

ఇట్లనుటచే మేసనుల సిద్ధాంతము బూటకమని మా యభిప్రాయము గాదు. ఆ లాడ్జీల తలుపు నవాబునకు సులభముగా దెఱచుకొన్నను, కలకత్తా వర్తకుడు ప్రసన్నకుమార దత్తు 1863లో తట్టగా 1872లో గాని తెఱచుకొనలేదు. అయినను తెఱచుకొన్నది, స్వతంత్ర భారతములో 1961నుండి ఆ సంఘమునకు మన మహాసభయే యున్నది. మంచిమాట ఎవరు చెప్పినను మంచిదే.

ఉమ్దతుల్ ఉమరా పొరపాటు సోదరత్వమును నమ్ముట గాదు. అప్పిచ్చినవానితో, సేన నిలిపినవానితో సోదరత్వము సాధ్యమని నమ్ముట. కానుకగా వచ్చిన దీక్షావస్త్ర మాతని గౌరవించినదే కాని, చేపాకు వాకిట నిలిచిన తుపాకుల నాపజాల దయ్యెను. సమానబలము లేని చోట సోదరశబ్దము మర్యాద మాత్రమే. ఈ పాఠమును కందనూలు నవాబు సైతము ఆలస్యముగా నేర్చెను.