శిశువులను జూచి నేర్చిన విదుషి: డాక్టరు మాంటిసోరి

మన చిత్తూరు జిల్లా 1953వ సంవత్సరము వరకు మదరాసు రాష్ట్రములోనిదే. కోర్టు పనికైనను, కళాశాల చదువునకైనను, కంటి వైద్యమునకైనను మన పెద్దలు తిరుపతిలో రైలెక్కి ఆ పట్టణమునకే పోవుచుండిరి. అచట అడయారు నదీతీరమునందలి దివ్యజ్ఞాన సమాజము మనవారికి క్రొత్తది కాదు. 1915లో మదనపల్లెయందు కళాశాలను నెలకొల్పిన అనీబిసెంటమ్మ ఆ సమాజమునకు అధ్యక్షురాలు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యమున చేరినదియు ఆ తోటలకే. అట్టి తోటలలో 1939వ సంవత్సరాంతమున, తాటాకు పాకల క్రింద, అరువదితొమ్మిదేండ్ల ఇటలీదేశపు స్త్రీ యొకతె మూడువందల మందికి పైబడిన ఉపాధ్యాయులకు ఒక విద్య గరపుచుండెను. ఆ విద్య బోధించుట కాదు, చూచుట. ఆమెయే డాక్టరు మేరియా మాంటిసోరి.

ఈమె 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీలోని కియారవల్లె అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ దినములలో ఈమె పట్టుబట్టి చదివి, 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నందెను. తరువాత బుద్ధిమాంద్యముగల పిల్లల నుంచిన చికిత్సాలయములకు పోవుచు వచ్చెను. అందొకచోట పిల్లలు భోజనానంతరము నేలపై పడిన రొట్టె తునుకలకై వెదకుచుండిరట. వారిని కనిపెట్టియుండు స్త్రీ దానిని తిండియావగా నెంచి అసహ్యించుకొనెను. మాంటిసోరి ఆ గదిని కలయజూచెను. చేతితో పట్టుకొనుటకు అందొక్క వస్తువైనను లేదు. పిల్లలు కోరినది తిండి కాదు, చేతికి పని యని ఆమెకు తోచెను. ఈటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములను స్వహస్తముతో ఇటాలియను భాషలోనికి వ్రాసికొని, వారి మార్గమున కొయ్యతోను గుడ్డతోను ఉపకరణములు చేయించి, ఎందుకును కొరగారని త్రోసివేయబడిన ఆ పిల్లలలో కొందరికి వ్రాయుట చదువుట నేర్పెను.

1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన రోములోని సాన్ లోరెంజో పేటలో ఆమె మొదటి శిశుగృహము వెలసినది. దీనికి మూలము గొప్ప ధర్మబుద్ధి యని చెప్పుటకు వీలులేదు. కూలివారి యిండ్లను బాగుచేయించిన సంస్థవారికి, తలిదండ్రులు పనికి పోయినప్పుడు పిల్లలు మెట్లమీదను గోడలమీదను చేయు పాడు భరింపరానిదయ్యెను. వారి నొక గదిలో చేర్చి కాపాడిన చాలుననుకొనిరి. ఏబదిమందికి పైగా చిన్నవాండ్రు చేరిరి. వారిని చూచుకొనుటకు కుదిరిన స్త్రీ తరిఫీదు పొందిన ఉపాధ్యాయిని కాదు. అదియే మేలైనదని మాంటిసోరి తరువాత తలచెను. చదువు చెప్పవలెనన్న తొందర ఆమెకు లేదు గదా!

అచట మాంటిసోరి చేసినదెల్ల వస్తువులను పిల్లల కందించి, ప్రక్కన నిలిచి, కన్నది కన్నట్లు వ్రాసికొనుటయే. ఒకనాడు మూడేండ్ల బాలిక కొయ్యదిమ్మెలోని గుంటలలో లావుసన్నముల చొప్పున గుండ్లను అమర్చుచుండెను. అన్నియు అమర్చి, మరల తీసి, మరల అమర్చెను. మాంటిసోరి లెక్కించుచు, తక్కిన పిల్లలను ఆ బిడ్డ చుట్టును పాడించి ఆడించెను. ఆ బిడ్డ తల యెత్తలేదు. కుర్చీతో గూడ ఎత్తి బల్లపై కూర్చుండబెట్టగా, గుండ్లను ఒడిలోనికి తీసికొని అదే పని సాగించెను. నలుబదిసార్లకు పైగా చేసి, తనంతట తానే నిలిపి, నిద్ర లేచినదానివలె సంతోషముతో చుట్టును చూచెను. చిన్నపిల్లల మనసు ఒకచోట నిలువదని మన పెద్దలందును వాడుక కలదు. ఆ వాడుకను కదలించినది ఈ యొక్క లెక్కయే.

మరియొకనాడు ఉపాధ్యాయిని బీరువాకు తాళము వేయ మరచి, మరునాడు ఆలస్యముగా వచ్చెను. పిల్లలు బీరువా తెరచి, ఎవరికి కావలసినది వారు తీసికొని పోవుచుండిరి. ఇది దొంగతనమని ఆమె దండింపబోయెను. ఏ వస్తు వెక్కడిదో తెలిసి, తమకు వలసినది తామే ఎంచుకొనగల శక్తి వారికి కలిగినదని మాంటిసోరి గ్రహించి, ఎత్తు తక్కువగల తెరపి బీరువాలు చేయించెను. గ్రంథాలయమువార మగుటచే ఈ కథ మనకు మరింత దగ్గరది. తాళము వేసిన అలమారలలోని పుస్తకము లెన్ని చెదలపాలైనవో మనము చూడనిదా?

చూచిన దానిని వ్రాసియుంచుటకు ఆమె పద్ధతి నేర్పరచెను. బిడ్డ ఏ వస్తువు నెన్నుకొనెను, ఎంతసేపు పట్టుకొనెను, ఎన్నిసార్లు తిరిగి చేసెను, నడుమ ఎవరు కదలించిరి, ఎప్పుడు విడిచెను అనునవి వేళతో సహా గుర్తింపవలెను. పిదప కాగితముపై అడ్డముగా గీత యొకటి గీసి, పనిలో లీనమైన వేళను గీతకు పైనను, అల్లరి వేళను క్రిందను చూపవలెను. ఇట్టి పటములవలన ఒక సంగతి బయటపడినది. ఉదయము కొంతసేపు తేలికపని చేసిన పిల్లలు పదిగంటల ప్రాంతమున కలవరపడి తిరుగుదురు. అలసిరని తలచి ఉపాధ్యాయులు ఆటకు విడుతురు. కాని అట్లు పిలువక కొంచెము ఓపికపట్టినచో, వారు ఆ దినమునకెల్ల గొప్ప పనిని అప్పుడే ఎత్తుకొందురు. పటము లేనిచో ఈ సంగతి తెలియనేరదు. పిల్లల బరువును ఎత్తును కూడ ఆమె క్రమముగా వ్రాయించెను. 1975 నుండి మన దేశమున నడచుచున్న అంగన్‌వాడీలలో బిడ్డను తూచి ఎదుగుదల పటములో చుక్క పెట్టుట మన యిల్లాండ్రందరును ఎరుగుదురు. ఆ చుక్క దేహపు ఎదుగుదలను చూపును. మాంటిసోరి గీత బుద్ధి యెదుగుదలను చూపగోరినది. నేడు పట్టణములలో ఆమె పేరు బోర్డులపై వ్రాసికొన్న బడులు అనేకములు కలవు. వానిలో ఇట్టి గీత గీయువారు ఎందరో నేను చెప్పజాలను.

ఇంత నిశితముగా పరుల బిడ్డలను గమనించిన ఈమె తన బిడ్డ బాల్యమును చూడజాలదయ్యెను. తోటి వైద్యుడగు మాంటెసానోవలన ఆమెకు 1898లో మారియో అను కుమారుడు కలిగెను. వారికి వివాహము జరుగలేదు. లోకనిందకు వెరచి, బిడ్డను పల్లెయందలి దాది యింట పెంచిరి. తల్లి అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుచుండెను గాని తల్లినని చెప్పుకొనలేదు. సాన్ లోరెంజోలో ఆమె లెక్కలు వ్రాసికొను దినములలో ఆ బాలునికి తొమ్మిదవ యేడు. తన తల్లి గతించిన పిమ్మట, పదునైదేండ్ల ప్రాయమున నున్న కుమారుని ఆమె తన చెంతకు చేర్చుకొనెను. నాటినుండి అతడు ఆమెకు కుడిభుజమయ్యెను. అయినను లోకమునకు మాత్రము చాలకాలము మేనల్లుడుగనే పరిచితుడు.

ఆమె కీర్తి ఐరోపా అమెరికాలయందు వ్యాపించినది. 1924 మొదలు ముస్సోలినీ ప్రాపును ఆమె స్వీకరించుట ఆమె జీవితమున ఒక మచ్చయనియే నా తలంపు. పిమ్మట ఇటలీలోని ఆమె పాఠశాలలు మూతబడినవి. 1931లో లండనునగరమున గాంధీ మహాత్ముడు ఆమె శిక్షణాలయమును దర్శించెను.

దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడగు అరండేల్, రుక్మిణీదేవి దంపతుల యాహ్వానముపై తల్లీకొడుకులు అడయారు చేరిరి. ఆమె ఇటాలియనులో ఉపన్యసింపగా, మారియో ఇంగ్లీషున చెప్పుచుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగుటతో వారు శత్రుదేశీయులైరి. మారియోను అహమ్మదునగరు శిబిరమునకు కొనిపోయిరి. ఆమె అడయారు తోటలు దాటరాదని కట్టడి యేర్పడినది. ఆగస్టు 31వ తేదీన ఆమె డెబ్బదవ జన్మదినము. ఆ సందర్భమున వైస్రాయి మారియోను విడుదల చేయించి, కుమారుని తల్లికి కానుకగా పంపుచున్నట్లు తెలియజేసెను. నలుబదేండ్లు ఆమె దాచుకొన్న బంధుత్వమును పరప్రభుత్వపు వర్తమానము బహిరంగముగ పలికినది.

1942 మొదలు రెండేండ్లు వారు కోడైకెనాలు కొండలపై పిల్లలకు చెట్టుచేమలను, రాళ్లను, పురుగులను చూపుచు పనిచేసిరి. తల్లి వెంట సంతకు పోయిన బిడ్డ మాటలను, మనుష్యులను, మర్యాదలను తెలియకయే లోగొనునని ఆమె చెప్పుచుండెను. పుట్టినది మొదలు మూడేండ్ల వరకుగల శిశువుల గూర్చి అహమ్మదాబాదులో చేసిన యుపన్యాసములు 1949లో అడయారునుండియే గ్రంథరూపమున వెలువడినవి.

1952 మే 6వ తేదీన హాలెండు దేశపు సముద్రతీర గ్రామమగు నోర్డ్‌వైక్‌లో ఆమె గతించెను. తనకు గలదెల్ల మారియోకు చెందవలెనని వ్రాసియుంచిన మరణశాసనమున, ఆమె అతనిని కుమారుడనియే పేర్కొనెను.